తప్పు పేరుతో నూరేళ్ళు



లియోనార్డో డా విన్సీ పేరు వినగానే ఎవరికైనా మోనాలిసాయే గుర్తొస్తుంది. ఆయన వేసినవేనని పండితులు దాదాపుగా ఒప్పుకున్న స్త్రీల రూపచిత్రాలు మొత్తం నాలుగు. రెండు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకటి వాషింగ్టన్‌లో ఉంది. నాలుగోది పోలండ్ దేశంలో, క్రాకోవ్ నగరంలో ఉంది. దాన్ని ‘ఎర్మిన్‌తో ఉన్న యువతి’ అంటారు. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. నా మటుకు నాకు ఆ నాలుగింటిలో ఇదే గొప్పది. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

రేడియోలో బొమ్మ చూపించలేం కనక ముందు మాటల్లో చెబుతాను. అది అక్రోటు చెక్క పలక మీద నూనె రంగులతో వేసిన చిత్రం. పెద్దదేమీ కాదు, ఎత్తు సుమారు 55 సెంటీమీటర్లు, వెడల్పు 40. వెనకంతా నల్లగా ఉంటుంది. ఆ నలుపులోంచి పదహారేళ్ళ పిల్ల నడుము దాకా కనిపిస్తుంది. ఒళ్ళు మన ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. తల మాత్రం కుడివైపుకి తిప్పి, చట్రం అవతల ఎవరినో చూస్తోంది. పెదవుల చివర నవ్వు మొదలైందో లేదో అన్నట్టుగా ఉంటుంది. మెడ చుట్టూ ఒక చుట్టు, రొమ్ము మీదకి ఒక చుట్టు వేసిన నల్లపూసల దండ. జుట్టు పాపిడి తీసి, చెంపలకు నున్నగా అదిమి దువ్వారు. చేతుల్లో తెల్లటి జంతువు ఉంది. అదే ఎర్మిన్. చూడ్డానికి ముంగిసలా పొడుగ్గా, సన్నగా ఉండే చలిదేశపు జంతువు. ఎండాకాలం గోధుమరంగులో ఉండి, చలికాలానికి తోక చివర తప్ప ఒళ్ళంతా తెల్లబడుతుంది. ఆ బొచ్చును ఐరోపా రాజులు అంగీల అంచులకు కుట్టించుకునేవారు.

ఆ జంతువు మెడ మీద అమ్మాయి కుడిచెయ్యి ఉంది. ఆ చేతిని కాసేపు ఆగి చూడాలి. ఎముకలు, కణుపులు, చర్మం కింద నరాలు, గోళ్ళు అన్నీ తెలుస్తాయి. మనిషి ఒంటి నిర్మాణాన్ని శ్రద్ధగా చదివినవాడు వేసిన చెయ్యి అది. ఈ చిత్రం పుట్టిన మిలాన్ దర్బారులో ఆ రోజుల్లో స్త్రీ చిత్రం వేయిస్తే పక్కనుంచి చూపించేవారు. నాణెం మీద రాజు తలలాగా ఒకటే కన్ను, ఒకటే చెంప. అందులో హోదా తెలుస్తుంది, నగలు తెలుస్తాయి, మనిషి మాత్రం దొరకదు. లియోనార్డో ఆ పద్ధతిని పక్కన పెట్టేశాడు. ఎవరో పిలిస్తే ఇటు తిరిగిన క్షణాన్ని పట్టుకున్నాడు. ఆ జంతువు కూడా అటే చూస్తోంది. ఎవరు వచ్చారు? వచ్చిన మనిషి చట్రం బయటే ఉండిపోయాడు.

చిత్రానికి ఎడమవైపు, పైమూలన రెండు వరుసల రాత ఉంది. మొదటి వరుస ‘లా బెల్ ఫెరొనియేర్’ అనే ఫ్రెంచి పేరు. రెండో వరుస లియోనార్డో పేరు. నిజానికి లా బెల్ ఫెరొనియేర్ అనేది లూవ్ర్‌లో ఉన్న మరో చిత్రం పేరు. రెండు చిత్రాల్లోనూ ఉన్నది ఒకరేనని ఎవరో అనుకుని, ఈ పిల్ల తల పక్కన ఆ పేరు రాసేశారు. లియోనార్డో ఇంటిపేరులో ‘వి’ ఉండాల్సిన చోట ‘డబ్ల్యు’ ఉంది. పోలండ్ వాళ్ళు ‘వ’ శబ్దానికి రాసే అక్షరం అదే. అంటే ఆ రాత ఇటలీలో పడలేదు, చిత్రకారుడి కాలంలోనూ పడలేదు. అలా ఆ అమ్మాయి దాదాపు నూరేళ్ళు వేరొకరి పేరుతో గోడమీద ఉండిపోయింది. చిత్రకళా చరిత్రలో ఇంతకన్నా పెద్ద అన్యాయాలు చాలానే జరిగి ఉంటాయి. నాకు మాత్రం ఇది మనసులో ముల్లులా ఉంటుంది.

అసలు పేరు ఎలా దొరికిందో తెలియాలంటే ఇవాళ్టి నుంచి వెనక్కి నడవాలి.

ఇప్పుడా చిత్రం పోలండ్ ప్రభుత్వానిది. 2016 డిసెంబరు 29న చార్తొరిస్కీ రాజవంశపు సేకరణ మొత్తాన్ని ప్రభుత్వం పది కోట్ల యూరోలకు కొన్నది. అందులో దాదాపు 86 వేల కళావస్తువులు, రెండున్నర లక్షల పుస్తకాలు, రాతప్రతులు ఉన్నాయి. ఆ సేకరణ అసలు విలువ దానికి ఎన్నో రెట్లని అప్పట్లో గొడవ కూడా జరిగింది. ఆ చర్చలోకి నేను వెళ్ళను. మూడేళ్ళకు, 2019 డిసెంబరులో, బాగుచేసిన చార్తొరిస్కీ మ్యూజియం తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. చిత్రం అక్కడికి చేరింది.

అక్కణ్ణుంచి వెనక్కి వెళితే రెండో ప్రపంచయుద్ధం. 1939లో జర్మనీ దాడి తప్పదని తెలిశాక, ఈ చిత్రాన్ని మరికొన్నింటితో కలిపి క్రాకోవ్ నుంచి షెన్యావా అనే ఊళ్ళోని కుటుంబ భవంతికి తరలించి, గోడకట్టి దాచారు. దాచిన కొద్ది రోజులకే నాజీలకు దొరికిపోయింది. చిత్రం బెర్లిన్ వెళ్ళింది. తర్వాత, ఆక్రమిత పోలండ్‌ను ఏలడానికి హిట్లర్ నియమించిన హాన్స్ ఫ్రాంక్ దాన్ని తెప్పించుకున్నాడు. క్రాకోవ్‌లో వావెల్ కోట మీద కూర్చుని, లక్షలమందిని చావుకు పంపిన పాలన నడిపినవాడు ఆయన. ఆయన నివాసంలో, గోడ మీద ఈ పిల్ల. తలుచుకుంటే కడుపులో తిప్పినట్టవుతుంది. 1945 జనవరిలో సోవియట్ సైన్యం ముంచుకొస్తుంటే ఫ్రాంక్ పారిపోయాడు. దోచుకున్న చిత్రాలు కూడా వెంటే వెళ్ళాయి. బవేరియాలో అమెరికన్ సైనికులు ఫ్రాంక్‌ను పట్టుకున్నారు, చిత్రం అక్కడే దొరికింది. 1946లో రైల్లో క్రాకోవ్‌కు తిరిగొచ్చింది. అదే ఏడు అక్టోబరులో నూరెంబర్గ్‌లో ఫ్రాంక్‌ను ఉరితీశారు.

దీనితోపాటే అదే మ్యూజియం నుంచి దోచుకుపోయిన రఫాయెల్ చిత్రం, ‘యువకుడి రూపచిత్రం’, మాత్రం వెనక్కి రాలేదు. అదెక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. రెండో ప్రపంచయుద్ధంలో పోయిన చిత్రాల్లో దాన్ని మించింది లేదంటారు. రెండు చిత్రాలూ ఒకే దొంగచేతుల్లో పడ్డాయి. ఒకటి దక్కింది, ఒకటి పోయింది. ఈ రోజు మనం ఈ పిల్ల ముఖం చూస్తున్నామంటే అందులో ఎంత అదృష్టం కలిసొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకా వెనక్కి. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్ని భద్రంగా ఉంచడానికి జర్మనీలోని డ్రెస్డెన్‌కు పంపారు, 1920లో తిరిగొచ్చింది. అంతకుముందు 1830లో రష్యా మీద పోలండ్ తిరగబడి ఓడిపోయినప్పుడు, చార్తొరిస్కీలు ఆస్తులు పోగొట్టుకుని పారిస్‌కు ప్రవాసం పోయారు. చిత్రమూ వాళ్ళతో ప్రవాసం పోయింది. 1870లలో గానీ క్రాకోవ్‌ చేరలేదు. పోలండ్ అనే దేశమే పటంలో లేని కాలం అది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకు తినేశాయి. దేశం పోయినా జ్ఞాపకం పోకూడదని పువావి అనే ఊళ్ళో మ్యూజియం పెట్టిన మనిషి ఇజబెలా చార్తొరిస్కా. 1800 ప్రాంతంలో ఆమె కొడుకు ఆడమ్ ఈ చిత్రాన్ని ఇటలీలో కొని తెచ్చి తల్లికి ఇచ్చాడు. ఎవరి దగ్గర కొన్నాడో కాగితం ఏదీ మిగల్లేదు.

మూలన ఉన్న ఆ తప్పు పేరు పడింది ఆ తర్వాతే. వెనక భాగమంతా నల్లరంగు పూసిందీ తర్వాతి చేతులే. మొదట్లో అది బూడిదా నీలమూ కలిసిన ఛాయలో ఉండేదని పరీక్షల్లో తేలింది. ఆ నలుపు వల్ల ఇప్పుడామె కత్తిరించి అతికించినట్టు కాస్త బిగుసుకుని కనిపిస్తుంది. భుజం నుంచి గాలిలోకి మెల్లగా కరగాల్సిన నీడలన్నీ నలుపులో మునిగిపోయాయి. ఇంకో చోటా చెయ్యి పడింది. ఆమె తల మీద ఉన్నది సన్నటి మేలిముసుగు, దాని అంచు గడ్డం కింద నుంచి పోతుంది. బాగుచేసినవాళ్ళు దాన్ని జుట్టు అనుకుని ఆ రంగే వేసేశారు. అందుకే ఈనాటికీ చాలామంది, ఈ అమ్మాయి జుట్టు గడ్డం కిందుగా ముడేసుకుందేమిటా అని ఆశ్చర్యపోతుంటారు.

1900లో పోలండ్ చిత్రకళా చరిత్రకారుడు యాన్ బోవజ్ ఆంతొనియెవిచ్ ఒక మాట అన్నాడు. ఈమె చెచీలియా గల్లెరాని. పదిహేనో శతాబ్దం చివర మిలాన్‌ను ఏలిన లుడొవికో స్ఫోర్జా ప్రియురాలు. లియోనార్డో ఆమె చిత్రం వేశాడని పాత కాగితాల్లో సాక్ష్యం ఉంది, ఆ చిత్రం ఇదేనన్నాడు. వాదోపవాదాలు చాలాకాలం సాగాయి. చిత్రం లియోనార్డోది కాదు, ఆయన శిష్యులదన్న వాళ్ళూ ఉన్నారు. ఈ రోజు ఆ అనుమానం దాదాపు ఎవరికీ లేదు.

చెచీలియా ఎవరు? 1473లో పుట్టింది. తండ్రి ఫాత్సియో గల్లెరాని దర్బారు ఉద్యోగి, ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడే పోయాడు. పదేళ్ళ వయసులో ఒక కుటుంబంతో పెళ్ళి మాట అనుకున్నారు, 1487లో అది రద్దయింది. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలోనే ఆమె లుడొవికో కంటపడింది. ఆయనకు ముప్పై ఆరో ముప్పై ఏడో. ఆమెకు పదహారు. దీన్ని ప్రేమకథగా చెప్పేవాళ్ళున్నారు. నాకు అలా చెప్పడానికి నోరు రాదు. తండ్రి లేని పిల్ల ముందు ఊరినేలే ప్రభువు నిలబడ్డాడు, కాదనే దారి ఆమెకు ఎంతుందో ఊహించుకోవచ్చు. అయినా ఆమెను పాపం అని వదిలేయడమూ తప్పే. లాటిన్ చదువుకుంది, కవిత్వం రాసింది, ఆ తర్వాతి కాలంలో ఆమె ఇంట్లో పండితులు, కవులు చేరి చర్చలు చేసేవారు. కథకుడు మత్తెయో బందెల్లో ఆమె పాండిత్యాన్ని మెచ్చుకుంటూ రాశాడు.

లియోనార్డో 1482 ప్రాంతంలో ఫ్లోరెన్స్ నుంచి మిలాన్ వచ్చాడు. కొలువు కోసం లుడొవికోకు రాసిన ఉత్తరంలో వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, సొరంగాలు తవ్వుతాను అని వరసగా చెప్పి, బొమ్మలు కూడా వేయగలనని చిట్టచివర చెప్పుకున్నాడు. చెచీలియా చిత్రం 1489, 1490 ప్రాంతంలో వేసి ఉంటాడు. ఆ రెండేళ్ళూ ఆమె జీవితంలో చాలా కీలకం. లుడొవికోకు ఫెరారా రాజకుమార్తె బియాత్రిచే డెస్టేతో ఎప్పుడో నిశ్చయమైంది. పెళ్ళి వాయిదాల మీద వాయిదాలు పడింది. 1491 జనవరిలో పెళ్ళి జరిగే నాటికి చెచీలియా గర్భవతి. ఫెరారా రాయబారి ఆ సంగతంతా పూసగుచ్చినట్టు స్వదేశానికి ఉత్తరాలు రాశాడు. మే నెలలో ఆమెకు కొడుకు పుట్టాడు, చేసారే అని పేరు పెట్టారు. మరుసటి ఏడు లుడొవికోయే ఆమెను ఒక కౌంటుకిచ్చి పెళ్ళి చేయించాడు, సరోన్నోలో భూములిచ్చాడు. ఈ చిత్రం ఆమెతోనే వెళ్ళింది.

ఇక ఆ ఎర్మిన్ సంగతి. అది అక్కడ ఎందుకుంది? దీని మీద పండితులు చెప్పేవి చాలా ఉన్నాయి. నాకు గట్టిగా అనిపించే సమాధానం ఒకటుంది. 1488లో నేపుల్స్ రాజు లుడొవికోను ‘ఎర్మిన్ సంఘం’ అనే గౌరవ వీరసంఘంలో చేర్చుకున్నాడు. దర్బారు కవి బెర్నార్దో బెల్లించోని తన కవిత్వంలో లుడొవికోను తెల్ల ఎర్మిన్ అనే పిలిచాడు. అప్పుడిక ఆమె ఒళ్ళో ఉన్నది ఎవరో వేరే చెప్పాలా? గ్రీకులో ఈ జాతి జంతువు పేరు, ఆమె ఇంటిపేరులోని మొదటి అక్షరాలు కలుస్తాయని ఇంకొందరంటారు. చదువుకున్న దర్బారులో అలాంటి చమత్కారాలు నడిచేవి, కాదనను. గర్భవతులను ఈ జంతువు కాపాడుతుందన్న జానపద నమ్మకాన్ని ముందుకు తెచ్చేవాళ్ళూ ఉన్నారు. లియోనార్డో తన నోటుపుస్తకంలో ఎర్మిన్ గురించి వేరే సంగతి రాసుకున్నాడు. అది ఒళ్ళు బురద చేసుకోవడం కంటే వేటగాళ్ళకు చిక్కడమే మేలనుకుంటుందట. నిర్మలత్వానికి గుర్తు అన్నమాట. ప్రభువుకు ప్రియురాలిగా ఉన్న పిల్ల చేతికి ఆ గుర్తునిచ్చాడంటే, లోకం ఏమనుకున్నా ఆమె నిర్మలమైనదేనని ఆయన ఉద్దేశమేమో. ఇది నా ఊహ. ఋజువు చూపించలేను, వదులుకోనూ లేను.

మరో చిక్కుంది. చిత్రంలోని జంతువు నిజం ఎర్మిన్‌కన్నా చాలా పెద్దది. అసలు ఎర్మిన్ రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. ఇక్కడ దాని ముంగాలు, భుజం కండ, తల తీరు చూస్తే చిన్న సింహాన్ని ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. అందుకే కొందరు ఇది పెంపుడు ఫెరెట్ అంటారు. ఫెరెట్ కూడా అదే కుటుంబానికి చెందిన జంతువు, కాస్త పెద్దది. లియోనార్డో కళ్ళకు కనిపించినదాన్ని తప్పుగా వేసే మనిషి కాదు కనక, కావాలనే పెంచాడనుకోవాలి. అది జంతువుగా కాక ఒక ప్రభువుగా కనిపించాలని.

రంగుల అడుగున ఉన్నవాటి గురించి కూడా చెప్పాలి. పరారుణ కిరణాలతో చూసినప్పుడు ముఖం గీతల వెంబడి సన్నటి చుక్కల వరస బయటపడింది. ముందు కాగితం మీద బొమ్మ గీసి, గీతల మీద సూదితో బెజ్జాలు పొడిచి, ఆ కాగితాన్ని పలక మీద పరిచి బొగ్గుపొడి అద్దాడు. మగ్గం వర్క్ చేసేవాళ్ళు జాకెట్టు మీదికి డిజైను దింపుకునే పద్ధతి ఇదే. ఇంకా దగ్గరగా చూస్తే చిత్రం మీద వేలిముద్రలున్నాయి. నీడను చర్మంలోకి కలపడానికి ఆయన కుంచె పక్కన పెట్టి, తడి రంగును వేలితోనే అద్దాడు. అయిదు వందల ఏళ్ళ కిందటి ఆ వేలి గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి.

2014లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు పాస్కల్ కోట్ ప్రత్యేక కెమెరాతో, రకరకాల తరంగదైర్ఘ్యాల వెలుగులో ఈ చిత్రాన్ని పొర పొరగా పరీక్షించి ఒక సంచలన ప్రకటన చేశాడు. లియోనార్డో మొదట అమ్మాయిని ఒక్కర్తినే వేశాడు. తర్వాత చిన్న బూడిదరంగు జంతువును చేర్చాడు. ఆ పైన దాన్నే ఇప్పుడున్న తెల్లటి, బలిసిన జంతువుగా మార్చాడు. ఇదీ ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదు, ఆ పద్ధతిలో కనిపించే ఛాయలకు వేరే అర్థాలూ చెప్పొచ్చని విమర్శించినవాళ్ళున్నారు. నిజమే అయితే మాత్రం కథ మారిపోతుంది. మొదట ఒక అమ్మాయి ఉంది. ప్రభువు ఆ తర్వాత వచ్చి చేరాడు, చేరాక ఇంకా పెరిగాడు. అడిగి పెంచించుకున్నాడా, చిత్రకారుడే పెంచాడా?

ఈ చిత్రం మీద ఇంతమంది తమ గుర్తులు వేశారు. లుడొవికో తన జంతువును పెట్టించుకున్నాడు. పోలండ్‌లో ఎవరో వేరే పేరు రాశారు. బాగుచేసినవాళ్ళు నలుపు పూశారు. హాన్స్ ఫ్రాంక్ గోడకు తగిలించుకున్నాడు. అందరి మాటలూ విన్నాం. చెచీలియా ఏమంది?

ఆమె మాట దొరికింది. 1498 ఏప్రిల్ 26 తేదీతో మాంటువా నుంచి ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది ఇసబెల్లా డెస్టే, కళల మీద ఐరోపా అంతటా పేరున్న రాణి. లుడొవికో పెళ్ళాడిన బియాత్రిచేకు స్వయానా అక్క. బియాత్రిచే అంతకు ఏడాది కిందటే, 1497 జనవరిలో, పురిట్లో పోయింది. అప్పటికామెకు ఇరవై ఒకటి. చెల్లెలు పోయిన ఏడాదికి, ఒకప్పుడు ఆ చెల్లెలికి కంట్లో నలుసైన స్త్రీకి ఈ అక్క ఉత్తరం రాసింది. అడిగింది చిత్రం. జొవాన్ని బెల్లీని వేసిన రూపచిత్రాలు తనవద్ద ఉన్నాయనీ, లియోనార్డో పనితనంతో పోల్చి చూడాలనుందనీ, ఈ గుర్రపు రౌతుకు ఇచ్చి పంపమనీ. ఆ ఇద్దరు స్త్రీల మధ్య ఉన్న గతమంతా ఆ ఉత్తరంలో ఎక్కడా పైకి రాదు. చిత్రం మీద ఉన్న ఆసక్తి ముందు అదంతా పక్కకు పోయింది.

మూడు రోజులకే, ఏప్రిల్ 29న, చెచీలియా జవాబు రాసింది. అప్పటికామెకు పాతికేళ్ళు. చిత్రం పంపుతున్నానంది. అది నాలాగే ఉంటే ఇంకా సంతోషంగా పంపేదాన్నంది. అలాగని ఇందులో చిత్రకారుడి లోపం ఏమీ లేదు, ఆయనకు సాటి వచ్చేవాడు ఉన్నాడనుకోను అంది. ఆ బొమ్మ వేసినప్పుడు నాది ఇంకా పూర్తిగా ఎదగని వయసు, తర్వాత నేను పూర్తిగా మారిపోయాను, ఇప్పుడు మమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తే అది నా బొమ్మేనని ఎవరూ అనుకోరు అని రాసింది. రాసి, చిత్రాన్ని మాంటువాకు పంపించింది.

మరుసటి ఏడాదే ఫ్రెంచి సైన్యం మిలాన్‌ను ఆక్రమించింది. 1500లో లుడొవికో పట్టుబడ్డాడు, 1508లో ఫ్రాన్సులో, లోష్ కోటలో ఖైదీగా పోయాడు. చెచీలియా 1536 దాకా బతికింది.